తాతను బతికించిన పిల్ల

మొన్న సాయంత్రం మంథనిలో మా ఇంటి అరుగు మీద చాయ్ తాగుతుంటే ఫోను మోగింది. గోదావరిఖని బడిలో ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్ల. "సార్, మా నాన్న ఇయ్యాల ఆఖరిసారి లైటు ఇచ్చి వచ్చిండు" అంది. బొగ్గుబాయిలో నెత్తిన లైటు పెట్టుకుని పనిచేసే వాళ్ళ నాన్న రిటైరయ్యాడన్నమాట. చాయ్ చల్లారిపోయింది. నాకు ఆమె ఎనిమిదో తరగతి గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో శనివారాలు పిల్లలతో ఒక నవల చదివించేవాణ్ణి. పేరు 'తిరిగొచ్చిన లాంతరు'. పడవ నడిపే తాత లాంతరు పట్టుకుని వరదలోకి వెళ్తాడు. చివరి పేజీలో మనవరాలు నిద్రలేచి చూస్తే గుమ్మం పక్క మేకుకు లాంతరు వేలాడుతుంటుంది. అంతే, కథ అయిపోతుంది. ఆ పేరుకు అర్థమేమిటని నేనడగడం, పిల్లలు తలలు గోక్కోవడం, చివరికి నేనే గొంతు సవరించుకుని "తాత పోయాడు, లాంతరు ఆయన జ్ఞాపకం" అని బోర్డు మీద రాయడం ఏటా జరిగే తంతు. అప్పుడు నా గొంతు కాస్త వణికేది. ఆ వణుకంటే నాకు గర్వంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఆ ఏడు ఈ పిల్ల లేచి నిలబడింది. హాజరు పలకడానికి తప్ప అంతవరకు నోరు విప్పి ఎరగదు.

"తాత బతికే ఉన్నడు సార్. లాంతరు మేకుకు ఉన్నది గద."

"ఎవరో తెచ్చి పెట్టి ఉంటారమ్మా" అన్నాను.

"వేరేటోల్లు ఎట్ల పెడ్తరు సార్? బాయిలకెల్లి పైకొచ్చినంక ఎవరి లైటు వాల్లే ఇయ్యాలె. నిన్న షిఫ్టు అయిపోయి రెండు గంటలైనా నాన్న రాలే. అమ్మ పొయ్యి ముట్టియ్యలే. మా కాక పోయి ల్యాంపు రూముల అడిగిండు. లైటు ఇచ్చిండని చెప్పిన్రు. గప్పుడు అమ్మ బియ్యం కడిగింది."

బండి పంక్చరైతే తోసుకుంటూ వచ్చాడట ఆయన.

తరగతిలో అందరూ తలలూపారు. వాళ్ళందరికీ తెలిసిన సంగతే. మా వంశంలో బాయి దిగినవాడు లేడు కనుక తెలియనిది నాకొక్కడికే. ఇన్నేళ్ళూ పిల్లలు సారు మాట కాదనలేక ఊరుకున్నారు కాబోలు, ఏటా ఒకసారి ఆ తాతను నేను చంపుతూనే వచ్చాను. బోర్డు తుడిచేశాను. ఆ తర్వాత ఎప్పుడూ అర్థం నేను చెప్పలేదు.

"మీ అమ్మేం చేస్తోందమ్మా?" అని ఫోనులో అడిగాను.

"బియ్యం కడుగుతున్నది సార్. నాన్న పక్కనే పీట మీద కూసొని చూస్తున్నడు."

మాట్లాడబోతే నా గొంతు వణికింది, ఈసారి నిజంగానే. ఇంట్లో బియ్యం కడుగుతుంటే పక్కన కూర్చుని చూడటానికి ఆయనకు ఇన్నేళ్ళు పట్టింది.