రోలరుకు అడ్డుపెట్టిన కాలు

మా మేనమామ పెద్దింటయ్య కొల్లేటిలో తాటిదోనె నడుపుకునే మనిషి. పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో ఎండలకు సరస్సు అడుగంటితే ఏలూరు వైపు రోడ్డు పనికి వచ్చాడు. ఆవిరి రోలరు ఆగినప్పుడల్లా వెనక చక్రం కింద చెక్క దిమ్మ పెట్టడం ఆయన పని. ఆ ఏనుగును రోజూ తానే కట్టేస్తున్నానని ఇంట్లో తెగ కోతలు కోసేవాడు.

ఒకనాడు కాలువ వంతెన ఎక్కే చోట రోలరు ఆగి, దిమ్మ తెచ్చేలోపే మెల్లగా వెనక్కి జారింది. దోనె గట్టుకు కొట్టుకోబోతే మావాళ్లు కాలు అడ్డుపెట్టి ఆపుతారు. ఆయనా అదే చేశాడు. డ్రైవరు మొహిద్దీన్ "కాలు తియ్యండి!" అని అరుస్తూనే ఉన్నాడు. పది టన్నుల ఇనుముకు కాలు అడ్డుపెట్టిన ఘనుడు మా మావయ్యే. చెబితే నవ్వొస్తుంది గానీ, ఆ పాదం చూస్తే ఏడుపొస్తుంది.

ఆస్పత్రిలో ఎడమ పాదం వేళ్లన్నీ తీసేశారు. వేళ్ల పట్టు లేకుండా దోనెలో నిలబడలేరు. కొల్లేరు పని అక్కడితో సరి. రోడ్డు పని కూడా పోతే సత్తెమ్మత్తకూ పిల్లలకూ తిండెక్కడిదని ఆయన దిగులు.

రోడ్డు పని చూసే ఓవర్సీరు ఆస్పత్రికి కాగితంతో వచ్చాడు. పైవాళ్లకు ఎవరో ఒకరి తప్పు చూపించాలి. డ్రైవరుదేనని చెబితే మావయ్యను పనిలో ఉంచుతానన్నాడు. మొహిద్దీన్ గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు.

"ఆయన వద్దని అరిచారండీ. కాలు పెట్టింది నేనేనండీ. దోనె అలవాటండీ," అన్నాడు మావయ్య.

ఓవర్సీరు అదే రాసుకుని, ఇక పనికి రావద్దన్నాడు. నిజం చెప్పినందుకు దక్కిన మర్యాద అది! ఆ ఓవర్సీరు మీద నాకిప్పటికీ కోపమే.

మూడు నెలలకు మొహిద్దీన్ మావయ్యను వెంటబెట్టుకుని ఓవర్సీరు దగ్గరికి వెళ్లాడు. రోలరు ముందు ఎర్రజెండాతో నడిచే పని ఇవ్వమన్నాడు.

"కుంటివాడు ముందు నడిస్తే రోడ్డెప్పటికి అవుతుందయ్యా?"

"నడిపేది నేను కదండీ. ఈయన కాకపోతే మీరు వేరే డ్రైవరును చూసుకోండి."

జిల్లా అంతా వెతికినా ఆ బండి నడిపేవాడు ఇంకొకడు దొరకడు. ఓవర్సీరు ఎర్రజెండా తీసి మావయ్య చేతికిచ్చాడు.

మొదటిరోజు మావయ్య ఎవరూ వేలెత్తి చూపకూడదని పళ్లు బిగబట్టి గబగబా నడిచాడు. కట్టులోంచి నెత్తురు కారుతోంది. వెనక రోలరు కూత వినిపించింది. తిరిగి చూస్తే మొహిద్దీన్ రోలరు ఆపేసి కూర్చున్నాడు.

"మెల్లగా నడవండి పెద్దింటయ్యగారూ," అన్నాడు. "నాకేం తొందర లేదండీ."