ఎర్ర చిలకల జాకెట్

ఆ రోజుల్లో కంప్యూటర్ వచ్చంటే అన్నీ వచ్చనే అర్థం, ముఖ్యంగా నా దృష్టిలో. ఇళ్ల ప్లాన్లు గీసే కోర్సు మూడొంతులు నేర్చుకుని, మిగతా వంతు ధైర్యంతో పూడ్చుకుని, షామీర్‌పేటలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ దుకాణంలో చేరాను. ఓనరును అందరూ భాయ్ అనేవారు. మిషన్ ఆయన నడుపుతాడు, డిజైన్ల ఫైళ్లు నేను చూడాలి. (నెల రోజులు చూసి ఉంచుకుంటానన్నాడు. నెల మాట నాకు వినిపించలేదు, ఉంచుకుంటాననేదే వినిపించింది.)

వారం తిరక్కుండానే లాల్‌గడి మలక్‌పేట నుంచి ఒక పెళ్లికూతురు, వెంట వాళ్ల అవ్వ వచ్చారు. ఎల్లుండే పెళ్లి. పసుపు రంగు పట్టు జాకెట్ చేతుల మీద చిలకలు కుట్టాలి. డిజైన్ వాళ్ల టైలర్ వాట్సాప్‌లో పంపాడు. మామూలుగా ఏ దారం ఎక్కడో చూపే రంగుల కాగితం కూడా వస్తుంది. ఈసారి ఫైల్ ఒక్కటే వచ్చింది, పేరు చివర డీఎస్‌టీ అని తగిలించుకుని.

నొక్కాను. నా కంప్యూటర్ దాన్ని ఇంటి ప్లాన్ అనుకుని, ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్‌లో తెరవబోయి, నావల్ల కాదంది. (ఆ తోక ప్లాన్ల ఫైళ్లకూ ఉంటుంది, కుట్టు ఫైళ్లకూ ఉంటుందని తర్వాత తెలిసింది.)

"ఫైల్ ఖరాబైంది భాయ్. కన్వర్ట్ జెయ్యాలె," అన్నాను గంభీరంగా.

"మిషన్‌కు ఎక్కుతది లేరా. ఏ రంగు యాడనో గది జెప్పు, జల్దీ."

ఇంటర్నెట్‌లో దొరికిన ఒక సైట్‌కు ఫైల్ అప్పగించి, బొమ్మగా మార్పించి, రంగుల ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టాను. భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అరే, చిలక లాల్ ఉంటదారా? ముక్కేమో పచ్చగ?"

"ఫైల్‌ల గట్లనే ఉంది భాయ్. డిజైన్ జేసినోనికి తెల్వదా?"

కంప్యూటర్ మాట కదా, ఆయన ఆ రంగుల దారాలే మిషన్‌కు ఎక్కించాడు. నిజానికి ఆ రకం ఫైల్‌కు సూది ఎక్కడ దిగాలో, దారం ఎప్పుడు మార్చాలో మాత్రమే తెలుసు. ఏ రంగు దారమో తెలియదు. సైట్ తనకు తోచిన రంగులు పూసి పంపింది, నేను దాన్ని శాసనంలా అందించాను.

మర్నాడు అవ్వ జాకెట్ విప్పి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఓరి నీ పాడుగాను! గివి చిలకలా, కోళ్లా? రేపు పెండ్లిరా! కుట్లు ఇప్పితే పట్టు నిలుస్తదా?"

భాయ్ నావైపు చూశాడు. నేను ప్రింటు వైపు చూశాను. నా ఉద్యోగం పోయిందని అర్థమైంది గానీ, పెళ్లిపిల్ల కళ్లలో నీళ్లు చూసేసరికి అది కూడా చిన్న సంగతి అనిపించింది. నాకూ ఏడుపొచ్చింది. ఆ అమ్మాయి మాత్రం ముక్కు తుడుచుకుని జాకెట్‌ను భుజానికి పెట్టుకుంది, అద్దంలో చాలాసేపు చూసుకుంది.

"ఉండనియ్యి అవ్వా. అందరియి పచ్చయే ఉంటయి. గివి నాయి."

పెళ్లయిన వారానికి ముగ్గురు ఆడవాళ్లు ఫోన్లో పెళ్లి ఫోటో పట్టుకుని వచ్చారు. అవే ఎర్ర చిలకలు కావాలట. "మా పోరడంటే ఏమనుకుంటున్నరు, మస్తు దిమాక్ ఉంది," అన్నాడు భాయ్, నా భుజం తట్టి. నేను కాదనలేదు. నెల చూడ్డం అనే మాట మళ్లీ రాలేదు.

ఇప్పుడు మేడ్చల్‌లో నా సొంత మిషన్లు ఉన్నాయి. ప్రతి దారం కుట్టించుకునేవాళ్లకు చూపించి, ఔనన్నాకే సూదికి ఎక్కిస్తాను. నా చిలకలన్నీ ఆకుపచ్చగా, బుద్ధిగా వస్తాయి. ఎవరూ వాటి ఫోటో పట్టుకుని రారు. ఏమీ తెలియకుండా అంత గట్టిగా చెప్పిన ఆ కుర్రాడు ఇవాళ వచ్చి పని అడిగితే ఇవ్వను గాక ఇవ్వను. కూర్చోబెట్టి చాయ్ మాత్రం తాగిస్తాను, కాసేపు వాడి మాటలు వినాలనుంది.