పుర్రచేతి కుట్టు

పుర్రచేతమ్మకు పుట్టినప్పుడు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. అది ఓటరు జాబితాకు తప్ప ఇంకెవరికీ అక్కర్లేకపోయింది. రైలు స్టేషను వెనక వీధిలో, మెట్ల కింది ఇరుకు గదిలో ఆమె ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతోంది.

ఎడమచేతివాటం వాళ్లకు మామూలు కత్తెర పనికిరాదు. అది గుడ్డను కొయ్యదు, నములుతుంది. అందుకని ఆమె మొగుడు ఒక కమ్మరిని పట్టుకుని, నెల రోజులు అతని బుర్ర తిని, ఆమె చేతికి సరిపోయే కత్తెర చేయించాడు.

“మా ఆయన జన్మకి చేసిన తెలివైన పని అదొక్కటే. ఇంక చాల్లే అనుకుని పోయాడు” అనేది ఆమె.

చెల్లెలి కూతురి పెళ్లికి బట్టలు కుట్టిపెట్టడానికి విమానమెక్కింది. కత్తెర వెంట ఉంచుకోనివ్వరు, కింద సామాన్లలో వెయ్యాల్సిందే. తాళాల మీద ఆమెకు నమ్మకం లేదు. పెద్ద సంచి మూతిని జిప్పు మీదుగా ఈ కొస నుంచి ఆ కొసదాకా దట్టంగా కుట్టేసింది. వచ్చేటప్పుడూ అంతే.

ఇంటికొచ్చి, బ్లేడు పెట్టి సగం కుట్టు విప్పాక చెయ్యి ఆగింది. కుట్లు కుడికి వాలి ఉన్నాయి. ఆమె కుట్టు ఏనాడైనా ఎడమకే వాలుతుంది. సంచిలో చెయ్యి పెట్టి వెతికితే చెల్లెలు పెట్టిన రెండు పట్టు బట్టలు లేవు, కత్తెర లేదు. పై అరలోని సూదీదారం మాత్రం పెట్టిన చోటే ఉన్నాయి.

“చూశావుటే, నా సూదితోనే నా సంచి కుట్టాడు! పని శుభ్రంగానే నేర్చాడు వెధవ, బుద్ధే నేర్వలేదు.”

“అయ్యో, పట్టు బట్టలు పోయాయా అత్తయ్యా!” అంది కోడలు.

“పట్టు పోతే నూలు కట్టుకుంటాం. కత్తెర లేకపోతే నేను బొత్తాలు కుట్టుకుంటూ చావాలి.”

ఊరికే అన్న మాట కాదది. మర్నాడు మామూలు కత్తెరతో ఒక గౌను కత్తిరిస్తే ఎలుక కొరికినట్టు వచ్చింది. గుడ్డ ఖరీదు తనే ఇచ్చుకుని, కొత్త పని ఒప్పుకోవడం మానేసింది. అలాంటి కత్తెర మళ్లీ చెయ్యాలంటే కమ్మరి ఆమె రెండు నెలల సంపాదన అడిగాడు. విమానం వాళ్లు ఇస్తే తప్ప అది అయ్యే పని కాదు.

మూడో రోజున సంచి చంకన పెట్టుకుని, కోడలిని వెంటేసుకుని వాళ్ల ఆఫీసుకు వెళ్లింది. బల్లకు అవతలి ఆఫీసరు సంచిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మీరు విప్పింది పోను మిగతా కుట్టు చెక్కుచెదరలేదుగా మేడమ్. ఎవరూ తెరవలేదు.”

“తెరిచి మళ్లీ కుట్టాడు నాయనా. ఈ కుట్టు నాది కాదు.”

“కుట్టుకు పేరు రాసుంటుందా?”

ఆమె చేతిగుడ్డ తీసి, ఎడమచేత్తో పది కుట్లు వేసి చూపించింది. తర్వాత సూది అతని చేతిలో పెట్టి, “ఏదీ, నువ్వూ వెయ్యి” అంది. అతను నలుగురూ చూస్తుండగా తిట్టుకుంటూ నాలుగు కుట్లు వేశాడు. అవి సంచి మీద కుట్లలాగే కుడికి వాలాయి.

“అయితే దొంగవి నువ్వేనా?”

ఆఫీసంతా గొల్లుమంది. ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి.

“మీ కోడలే కుట్టి ఉండొచ్చుగా!”

“దానికి ఊడిన బొత్తం కుట్టుకోవడమే రాదు.”

“నిజమే సార్” అంది కోడలు తలొంచుకుని.

“సరే, తెరిచారే అనుకుందాం. అందులో కత్తెర ఉందని నమ్మకమేంటి?”

“మీ యంత్రం నా సంచి కడుపులోకి తొంగి చూసిందిగా? దాన్నే అడుగు.”

రెండు వారాలకు జవాబొచ్చింది. యంత్రం తీసిన బొమ్మలో కత్తెర నిక్షేపంలా ఉందట. పట్టు బట్టలకు బిల్లు లేదు కాబట్టి ఇవ్వరట. కత్తెర ముప్పై ఏళ్ల పాతది కాబట్టి పావు ధరే ఇస్తారట. పుర్రచేతమ్మ మళ్లీ వెళ్లింది.

“పాతబడితే విలువ తగ్గడానికి అది మొగుడా నాయనా? కత్తెర! వాడేకొద్దీ చేతికి అలవాటవుతుంది. కావాలంటే పాతదే తెచ్చివ్వు, పైసా అడగను.”

వారం రోజుల పాటు పొద్దున్నే వెళ్లి, అతని ఎదురు కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ చేతిగుడ్డ చూపిస్తూ కథ చెప్పింది. ఎనిమిదో రోజున ముప్పావు ధరకు ఒప్పుకున్నారు. మిగతా పావుకు బదులు కమ్మరి పెళ్లాం బట్టలు ఏడాది పాటు ఊరికే కుట్టేలా బేరం కుదిరింది.

కొత్త కత్తెర మహా బిగువుగా ఉంది. “నూనె రాసి నాలుగు తిట్లు తిడితే అదే దారికొస్తుంది” అని ఆ పూట మూడు గౌన్లు కత్తిరించింది. అంచులు నీటుగా తెగాయి గానీ బొటనవేలు పొక్కింది. కోడలు మందు తేబోతే వద్దంది.

“మీ మామయ్య చేయించిందీ మొదటిరోజు సరిగ్గా ఇక్కడే పొక్కించింది” అని, నాలుగో గుడ్డ పరిచింది.