దొర వాడిన పెట్టె

నా చిన్నప్పుడు మా ఇంట్లో ధరలన్నీ సిమెంటు మూటల్లోనే చెప్పుకునేవాళ్లు. తమిళనాడులో, వేలూరు దగ్గరి గుడియాత్తంలో మాది తాపీమేస్త్రీల ఇల్లు. దీపావళికి నాకు కొన్న గౌను అర మూట. మా అవ్వ ముక్కుపుడక పన్నెండు మూటలు. రూపాయి ఏడాదికోసారి మారిపోతుంది, మూట మాత్రం ఎప్పుడూ యాభై కిలోలే అన్నది మా తాత వాదన. తర్వాత నేను కాలేజీలో అర్థశాస్త్రమే చదివాను. అంతకంటే గట్టి సిద్ధాంతం అక్కడా కనబడలేదు.

దేశం తలుపులు తెరిచిందని పేపర్లలో రాస్తున్న రోజులవి. ఆ తలుపుల్లోంచి మా వీధి దాకా వచ్చినవి రెండే. ఒకటి కొత్త రకం కూల్‌డ్రింకు, రెండోది ‘ఫారిన్’ అనే మాట. మొదటిది తాగితే ముక్కుల్లోకి ఎక్కేది. రెండోది తగిలిస్తే ఏ వస్తువు ధరైనా మిద్దె ఎక్కేది.

మా తాతకు అప్పటికే మోకాళ్లు అరిగిపోయాయి. బతుకంతా గొంతుక్కూర్చుని గోడలు లేపినవాడి మోకాళ్లు అరగక ఇంకేం చేస్తాయి. వేలూరు పెద్దాసుపత్రిలో డాక్టరు నేల మీద కూర్చోవద్దని, గొంతుక్కూర్చోవడం అసలే వద్దని చెప్పి పంపించాడు. పని పోయినందుకు తాత బాధపడలేదు. దాన్ని మా మామ చూసుకుంటున్నాడు. చేపలు పట్టడం ఆగిపోయింది, అదీ ఆయన బాధ. ఆదివారం వస్తే ఊరి బయట చెరువుగట్టు మీద గాలం వేసుకుని కూర్చోవడం ఒక్కటే ఆయనకున్న విలాసం. మా వైపు పాలారు నదిలో ఇసుక తప్ప నీళ్లుండవు కాబట్టి, నీళ్లున్న చోట నాలుగు గంటలు ఉండటమే అసలు. చేప పడితే అది వడ్డీ.

ఆ ఆదివారాలు పోయాక తాత మా అరుగు మీద నిలబడి వీధిలో ఎవరి గోడ ఎటు వాలిందో చూసేవాడు. చూసి ఊరుకోకుండా వాళ్లకే చెప్పేవాడు. ఇరుగుపొరుగుతో మా సంబంధాలు కొంచెం సన్నబడ్డాయి. అంతకంటే కష్టం ఏమిటంటే, చెప్పడానికి గోడలు అయిపోయిన రోజున ఆయన అన్నం సగంలోనే వదిలి లేచిపోయేవాడు. అవ్వ ఆ సగం కంచం చూస్తూ ఉండేది.

కుర్చీ తీసుకుపోవచ్చు కదా అని అందరం అన్నాం. కానీ మేస్త్రీలకు ఒక పట్టింపు ఉంది. పని జరిగే చోట కుర్చీ వేసుకునేవాడు ఇంటి యజమాని. మేస్త్రీ కూర్చోవాలంటే పనిముట్ల పెట్టె మీద కూర్చోవాలి. కుర్చీ ఎక్కిన మేస్త్రీ పని మరిచిపోయినట్టు లెక్క.

“చెరువుగట్టు మీద కుర్చీ ఏసుకుంటే, నీళ్లకు కూలి ఇచ్చేదానికి వచ్చినానని అనుకుంటారు,” అని తాత తేల్చేశాడు.

అప్పుడే మా మామ మద్రాసు పోయి వచ్చి, అక్కడొక పెద్ద కొట్టులో చూసిన వస్తువు గురించి చెప్పాడు. చేపలు పట్టేవాళ్లు కూర్చోవడానికని విదేశాల్లో చేసిన పెట్టె. పైన మెత్తటి మూత, కింద సొరుగు, మర తిప్పితే పొడుగవుతూ పొట్టవుతూ ఉండే నాలుగు కాళ్లు. సుద్దముక్కతో నేల మీద బొమ్మ కూడా గీశాడు. ధర నలభై మూటలు. తాత ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. నలభై మూటలుంటే చెరువుగట్టు మీద గది కట్టి, కిటికీలోంచి గాలం వెయ్యొచ్చని చెప్పి లోపలికి పోయాడు.

అవ్వ తన జన్మలో కొత్త వస్తువు కొన్నది లేదు. పాత వస్తువే మేలు, అది చెయ్యాల్సిన తప్పులన్నీ మొదటి యజమాని దగ్గరే చేసేసి వస్తుంది అనేది. మరుసటి వారం కళ్లు చూపించుకోవాలని చెప్పి నన్ను వెంటబెట్టుకుని వేలూరు బయలుదేరింది. ఆమె కళ్లకు ఏ జబ్బూ లేదని నాకు బస్సులోనే తెలిసింది. కండక్టరు ముందు సీటువాళ్లకు చిల్లర తక్కువ ఇచ్చిన సంగతి వెనక సీట్లోంచే కనిపెట్టింది.

పెద్దాసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో పాత సామాన్ల కొట్లు ఎక్కువ. ఎక్కడెక్కడి నుంచో వైద్యానికి వచ్చినవాళ్లు నయమై పోతూ స్టవ్వులు, బకెట్లు, చక్రాల కుర్చీలు అమ్మేసి పోతారు. ఊరొదిలిపోయే డాక్టర్లు ఇంట్లో ఉన్నవన్నీ అమ్మేసి పోతారు. అవ్వ ఒక్కో కొట్టూ ఎక్కి దిగుతూ చివరికి ఒక తెలుగు సెట్టిగారి కొట్టులో ఆగిపోయింది. మామ గీసిన బొమ్మ అక్కడ నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంది.

అది నిలబడి ఉన్న చోటే విచిత్రం. మంచం దిగలేని రోగుల కోసం మరుగుదొడ్డి కుర్చీలు ఉంటాయి చూడండి, ఆ వరసలో పెట్టాడు. సెట్టిని తప్పు పట్టడానికి లేదు. మెత్తటి మూత, ఎత్తితే లోపల తొట్టి, కింద సొరుగు. ఆసుపత్రి పక్కన కొట్టు పెట్టుకున్నవాడు ఇంకేం అనుకుంటాడు.

“దొర వాడింది పెద్దమ్మా,” అన్నాడు సెట్టి, గొంతు తగ్గించి, గౌరవంగా. “తెల్ల డాక్టరు. యాడికి పోయినా కూడా తీసకపోవచ్చు. భుజానికి ఏసుకునేదానికి పట్టీ కూడా ఉండాది.”

నేను నోరు తెరిచాను. అవ్వ నా ముంజేతిని గిల్లింది. మూశాను.

అవ్వ ముఖమంతా జాలితో నిండిపోయింది. “పాపం, దొరకు శానా దినాలుగా ఉండిందా, ఆ బాధ?”

“అదంతా మనకేంటికి పెద్దమ్మా. ఫారిన్ సరుకు.”

ఎనిమిది మూటల ధర చెప్పాడు. అవ్వ అది వినబడనట్టు మూలనున్న గాలపు కర్ర ధర అడిగింది. చక్రంతో సహా అదీ ఆ దొరదేనట. ఇది చేపలు పట్టేదని సెట్టి గర్వంగా వివరించి, ముప్పై మూటలకు పైనే చెప్పాడు. ఒకే మనిషి వస్తువులు రెండూ ఒకే కొట్టులో ఉంటే, ఒకటి చేపల కోసమని, ఇంకొకటి దొర కోసమని విడదీసి పెట్టుకున్నాడు. కర్ర మనకొద్దులే, ఇంట్లో వెదురుది ఉండాదిలే అని అవ్వ మళ్లీ పెట్టె దగ్గరికి వచ్చింది. ఎంత ఫారిన్‌దైనా వాడిందే కదా, వేరేదైతే వాడినా పర్వాలేదు, ఇది వాడింది అంటే ఎట్లా అని నెమ్మదిగా, ఎవరి మనసూ నొప్పించకుండా అంటూ పోయింది. ఆమె ‘వాడింది’ అన్నప్పుడల్లా ధర ఒక మెట్టు దిగింది.

దిగుతూ దిగుతూ ఐదు మూటల దగ్గర ఆగింది. అవ్వ పెట్టెను కొంచెం కదిపి చూసింది. బిగుసుకుపోయిన సొరుగులో ఏదో గలగలమంది. సెట్టి చెవులు నిక్కాయి. ఆసుపత్రి సామాన్లలో ఒక్కోసారి ఉంగరాలు దొరికేవట.

“లోపల ఏమో ఉండాదే,” అన్నాడు.

“ఉంటాది నాయనా. చెయ్యి పెట్టి తీసుకో,” అని అవ్వ మర్యాదగా పక్కకు జరిగింది.

సెట్టి సొరుగు వైపు చూశాడు. తన చేతి వైపు చూసుకున్నాడు. పొద్దున్నే స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, దేవుడికి కర్పూరం చూపించి కొట్టు తెరిచిన మనిషి.

“పర్వాలేదు పెద్దమ్మా,” అన్నాడు. “అది కూడా మీకే.”

ఆ ఊపులో ఇంకో మూట కూడా తగ్గి, నాలుగు మూటలకు పెట్టె మాదైంది. బస్సులో దాన్ని ఎక్కించరని కాట్పాడి స్టేషనుకు పోయి పాసింజరు రైలెక్కాం. రైల్లో నిలబడేందుకు కూడా చోటు లేదు. అవ్వ మాత్రం దొర పెట్టె మీద, రైల్వేవాళ్లకు ఏ మాత్రం రుణపడకుండా కూర్చుంది. లత్తేరి దాటాక తలపిన్ను తీసి సొరుగు పెకలించింది. నీళ్ల మీద తేలే ఎరుపు, పసుపు బెండ్లు, సీసపు గుళ్లు, వరసగా గుచ్చిన గాలాలు, విప్పని దారపు చుట్ట. కొత్తవి కొనాలంటే ఇంకో పది మూటలయ్యేవి. అదేమిటని పక్కనున్నావిడ అడిగితే, మా ఇంటాయన పనిముట్ల పెట్టె అని చెప్పింది అవ్వ. అబద్ధం చెబుతున్న ముఖం కాదు అది. ఆ మాట నోటికి ఎలా వస్తుందో చూసుకుంటున్న ముఖం.

ఇంటికొచ్చాక నాకు అసలు కష్టం అర్థమైంది. మా తాతకు ఇంతకు ముందు మామ ఒక చేతికర్ర కొనిచ్చాడు. అది అప్పటికే పెరట్లో చిక్కుడు తీగకు ఊతంగా ఉంది. ‘నీ మోకాళ్ల కోసం’ అని ఏది తెచ్చినా దాని గతి అదే. తాత పెట్టె చుట్టూ తిరిగి, ఇటుకను చూసినట్టు మూత మీద వేలితో కొట్టి, ఎన్ని మూటలని అడిగాడు. చెప్పాక తల ఊపాడు. మా ఇంట్లో అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

“ఎవురికి?” అన్నాడు తర్వాత, గొంతు గట్టిచేసి.

“నాకు,” అంది అవ్వ. “నేనూ పాపా ఆదివారం చేపలకు పోతాము. నీ వెదురుకర్ర ఇస్తివంటే సరి. ఇయ్యకపోతే మేమే తీసకపోతాము.”

శనివారం సాయంత్రం తాత పక్కవీధి గోడ చూడటానికి పోయినప్పుడు అవ్వ పెట్టెను పెరట్లోకి తెచ్చి, ఒక కాలి మరను గిరగిరా తిప్పింది. ఎందుకని అడిగితే, నోరు మూసుకునేవాళ్లకే చేపల పులుసు అంది. ఆ రోజుల్లో నా నోటికి అంతకంటే మంచి ధర ఎవరూ పలకలేదు.

ఆదివారం మేమిద్దరం బయలుదేరితే తాత వెనకే వచ్చాడు. మాతో రావడం లేదట. కర్ర విరగ్గొడతామేమో చూడటానికి వస్తున్నాడట. గట్టు మీద చేతులు వెనక్కు కట్టుకుని, దూరంగా నిలబడ్డాడు. అవ్వ పెట్టె దించి దాని మీద కూర్చుంది. పెట్టె టకామని ఒక పక్కకు ఒరిగింది. ఆమె ఇటు జరిగితే అటు, అటు జరిగితే ఇటు. టక్కు, టక్కు. అవ్వకు అది పట్టినట్టే లేదు. బెండు మీదే చూపు.

తాత కాసేపు నీళ్లు చూశాడు. కాసేపు ఆకాశం చూశాడు. వంకరగా ఉన్నదాన్ని చూస్తూ ఊరుకోవడం మా వంశంలో ఎవరి వల్లా కాలేదు.

“లెయ్ మే,” అన్నాడు చివరికి. “మట్టం తప్పి ఉండాది.”

“ఏమో, నాకు సరింగానే ఉండాది.”

“నీకు ఇంటి నేల కూడా సరింగానే ఉండాది. లెయ్.”

అవ్వ లేచింది, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు. తాత మేం తాగడానికి తెచ్చుకున్న నీళ్లసీసా సగం ఖాళీ చేసి, పెట్టె మూత మీద అడ్డంగా పెట్టి, లోపల నీళ్లు ఎటు వాలుతున్నాయో చూశాడు. నా చేత మర తిప్పించాడు. ముందు ఆ కాలు, తర్వాత గట్టు వాలుకు తగ్గట్టు మిగతా మూడు. కొంచెం, ఇంకొంచెం, చాలు. చెరువులో చేపలు అంతసేపూ వేచి ఉన్నాయి. సీసాలో నీళ్లు గీత గీసినట్టు నిలిచాక ఆయన వంచిన నడుం ఎత్తి, బరువు పడితేగానీ పునాది సంగతి తెలియదంటూ, మూత మీద కూర్చున్నాడు.

పెట్టె కదల్లేదు.

“ఉండు, ఎర గుచ్చుకుంటాను. ఇది పట్టుకో,” అని అవ్వ వెదురుకర్ర ఆయన చేతికిచ్చింది. ఆ ఎర గుచ్చడం మధ్యాహ్నం దాకా అయింది.

ఆ రోజు పడినవి నా అరచెయ్యంత జిలేబీ చేపలు రెండు. తాత వాటిని కొర్రమీను పట్టినంత మర్యాదగా గాలం నుంచి విప్పాడు. అవ్వ చేతులు కడుక్కోవడానికి నీళ్ల దగ్గరికి దిగినప్పుడు, బెండు మీంచి చూపు తిప్పకుండానే నాతో అన్నాడు.

“రైల్లో అదురుతా వస్తే నాలుగు కాళ్లూ కొంచెం కొంచెం కదలాల. ఇందులో మూడు కదల్లే. ఒకటే అంత తిరిగి ఉండింది.”

నేను నీళ్లలోకి చూశాను. నాకు తెలిసి మనిషి ముఖం దాచుకోవడానికి అంతకంటే మంచి తావు లేదు.

“మీ అవ్వకు చెప్పొద్దు,” అన్నాడు తాత. “కష్టపడి తిప్పింది.”

అలా ఇద్దరి రహస్యం ఒకటే అయినా, మోసే పని మాత్రం నాకు రెండు సార్లు పడింది. ఆ రాత్రి చేపల పులుసు తింటూ ఇద్దరి ముఖాలూ చూశాను. పెట్టె మట్టం తప్పి ఉండిందని తాత విసుక్కుంటున్నాడు. తనకేం తెలుసు అని అవ్వ అంటోంది. ఆయన కంచంలో మెతుకు మిగల్లేదు. తర్వాతి ఆదివారం అవ్వ రాలేదు. తాత పెట్టె భుజాన వేసుకుని ఒక్కడే పోయాడు. అది ఎవరిదని ఇంకెవరూ అడగలేదు.

కాలేజీలో నాకు ఇవ్వడం గురించి ఎన్నో చెప్పారు. పుచ్చుకోవడం గురించి ఎవరూ చెప్పలేదు. అందులో ఎక్కువ నేర్పు ఉందని ఆ చెరువుగట్టు మీద చూశాను కాబట్టి, ఎవరికైనా ఏదైనా చెయ్యాలనిపిస్తే చేతికివ్వను. సరిచెయ్యడానికి ఒక వంకర వాళ్ల ముందు వదిలేసి పక్కకు జరుగుతాను. పుచ్చుకునే వంతు నాదైనప్పుడు మాత్రం ఎక్కువ ఆలోచించను. పోయినేడు నేను జ్వరం పడి లేచాక నా కూతురు, వచ్చి కొన్నాళ్లు ఉండమ్మా అని అడగలేదు. తన వంటింటి అరలు సర్దుకున్నానని, కుదిరాయో లేదో వచ్చి చూడమని అంది. వెళ్లి చూశాను. ఉప్పు అటక మీద, గరిటెలు బియ్యం డబ్బాలో. కన్నబిడ్డ తెలియక అంత దరిద్రంగా సర్దడం సాధ్యం కాదు. నేను కనిపెట్టానని తెలియనివ్వకుండా కొంగు బిగించి, రోజుకొక్క అర చొప్పున సర్దుతూ నెల రోజులు ఉండిపోయాను.