గ్రాము బొగ్గు, కొడంగల్ బస్సు

గడ్డం మొలిచిన కొత్తల్లో మనిషికి లోకంలో అన్నీ తెలిసినట్టే ఉంటది. నాకైతే ఇంకో రెండు ఎక్కువే తెలుసనిపించేది. ఎనిమిదో తరగతిలోనే బడికి సలాం కొట్టి, తాండూరులో మా బావ పక్కన నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర నిలబడ్డోణ్ణి. బండను చూసి, టేపు లేకుండానే ఎన్ని ఫీట్లో చెప్పేటోణ్ణి (సగంసార్లు తప్పే, గొంతు మాత్రం గట్టిగుండేది). అట్లాంటి నన్ను చిటికెడు బొగ్గు పరేషాన్ చేసి పెట్టింది.

రాతి దుమ్ముకు బావకు దగ్గు పట్టుకుంది. ఆ పని ఇడిచిపెట్టాలని, చేన్లల్ల మిగిలిన కందికట్టెను కాల్చి, ఆవిరి పట్టించి, నీళ్ల ఫిల్టర్లలో వేసే బొగ్గు చేసుడు మొదలుపెట్టిండు. కొంటానన్న హైదరాబాద్ సేటు ఒకటే షరతు పెట్టిండు: "బొగ్గు ఉపరితలం ఎంతుందో వికారాబాద్ ల్యాబుల రెండుసార్లు కొలిపించుకొని రా. రెండు లెక్కలూ కలిస్తేనే ఆర్డర్." కలవకుంటే బావ మళ్లా దుమ్ములకే.

మొదటి పొట్లం బట్టీ కాడినుంచి సీదా నేనే తీసుకపోయిన. ల్యాబు మేడం కొలిచి, "గ్రాముకు రెండు వాలీబాల్ కోర్టులంత ఉంది" అన్నది. పొట్లం దిక్కు చూసిన, మేడం దిక్కు చూసిన. "టేపు యాడ పెట్టిన్రు మేడం?" అన్న.

"టేపు కాదయ్యా. దీని నిండా కంటికి కనపడని రంధ్రాలు. వాటి గోడలన్నీ కలిపితే అంత. బాగా చల్లబరిచి నైట్రోజన్ పంపిస్తాం. గోడలకు ఎంత అంటుకుందో చూసి లెక్కగడతాం."

"అంటే ఎంతమంది కూసున్నరో చూసి, కొడంగల్ బస్సు ఎంత పెద్దదో చెప్పినట్టా?"

"అంతే. కానీ సీట్లలో ఉన్నవాళ్లనే లెక్కపెట్టాలి. వాళ్ల ఒళ్లో కూర్చున్నవాళ్లనూ కలిపితే బస్సు ఉన్నదానికంటే పెద్దదైపోతుంది." అంతా సమజైనోని లెక్క తల ఊపిన.

అదే బస్తాలోంచి తీసి, రాత్రి ఇంట్ల పెట్టిన రెండో పొట్లం ఇచ్చొస్తే సగమే వచ్చింది. బావ ముఖం మాడిపోయింది. "సగం జాగ ఎవడు కబ్జా చేసిండురా? తొవ్వల ఒలకబోసినవా?" అని నా మీదికొచ్చిండు. "ఒలికితే తూకం తగ్గుతది గానీ గ్రాముల జాగ ఎట్ల తగ్గుతది బావా?" అన్న (ఆ ముక్క నాకే సమజ్ కాలేదు, గొంతు మాత్రం గట్టిగనే ఉంది).

ఇద్దరం వికారాబాద్ పోయి మేడం ముందు నిలబడ్డం. కొలిచే ముందు లోపలి తేమ, వాసన పోయేదాకా వేడిచేయాలట. రెండో పొట్లంల మిగిలిన బొగ్గును మేడం ఇంకా గట్టిగ వేడిచేస్తుంటే గదిలో ఏదో కమ్మటి వాసన. బావ ముక్కెగరేసిండు. "అరే, గిది మా ఇంట్ల శుక్రవారం వాసన!"

అక్కకు ఫోన్ చేసినం. "మంచి రిపోర్టు రావాలని పొట్లం ఇప్పి దేవుని ముందట పెట్టిన. మస్తుగ సాంబ్రాణి పొగ పట్టిన. ఏమాయె?" అన్నది అమాయకంగా. బొగ్గు ఆ పొగంతా తాగి కూసున్నదన్నమాట.

మేడం నవ్వాపుకోలేకపోయింది. "మీ బస్సేనయ్యా! నైట్రోజన్ ఎక్కకముందే కిటికీలోంచి సీట్ల మీద దస్తీలేశారు."

మూడో పొట్లాన్ని అక్క కంట పడకుండా, గట్టి మూతున్న సీసాలో తీసుకపోయినం. మేడం బాగా ఆరబెట్టి కొలుస్తున్నంతసేపు బయట బెంచీ మీద బావ దగ్గుకుంట కూసున్నడు. మేడం తలుపు తీసి "మొదటిదానితో కలిసింది" అన్నది. బావ దస్తీతో ముఖం తుడుచుకొని మళ్లా మళ్లా తుడుచుకుంటనే ఉన్నడు.

ఆర్డర్ వచ్చింది, పాలిష్ మిషన్ పోయింది. అక్క ఇప్పుడు సాంబ్రాణి లారీకి పడుతుంది, అదీ బస్తాలెక్కకముందే. నేను తాండూరు బస్టాండుల కొడంగల్ బస్సు కిటికీలోంచి దస్తీ ఏసినప్పుడల్లా, అంగీ జేబులో రెండు వాలీబాల్ కోర్టులు పెట్టుకొని తిరిగిన ఆ పోరడు యాదికొస్తడు. అంత జాగ అందులో ఎట్ల పట్టిందో వానికీ సమజ్ కాలేదు, నాకూ కాలేదు. గొంతే జర తగ్గింది.