ఎవరి ఫోన్‌లోనూ కనబడనివాళ్లు

నిన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోన్ తీస్తే, ‘ఈమె మీకు తెలుసేమో’ అంటూ అది నాకొక ముఖం చూపించింది. తెలియకపోవడమేమిటి! రెండు చలికాలాలు కెనడాలో, మిస్సిసాగాలోని మా ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్న అమ్మాయి. ఇప్పుడు దేశానికి ఆ కొసన సర్రీలో ఉంది. ఎవరెవరికి ఎవరెవరు తెలుసో చూసి, ఆ ఫోన్ లోపల ఏదో లెక్క కట్టి మా ఇద్దరికీ పరిచయం ఉండొచ్చని తేల్చిందన్నమాట. లెక్కల పంతులమ్మగా దాన్ని మెచ్చుకోవాల్సిందే. కాఫీ మాత్రం చల్లారిపోయింది.

నేను తెనాలిలో ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెప్పేదాన్ని. మావారి ఉద్యోగం వెంట ఇక్కడికొచ్చాక పాఠం చెప్పే యోగం లేక, రిటైరయ్యేదాకా ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చున్నాను. నా పాఠాలకి మిగిలిన విద్యార్థి మావారొక్కరే. క్రికెట్ మ్యాచ్‌లో వాన పడి టార్గెట్ మారితే, “ఎందుకు మారింది, చెప్పు” అని కూర్చోబెట్టుకునేవారు. కాగితం మీద గీసి, కొట్టేసి, మళ్లీ గీసి అంతా వివరిస్తే ఓపిగ్గా విని, “ఇదంతా మనవాళ్లని ఓడించడానికే” అని తేల్చేసేవారు. ఆయన పోయాక ఆ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. విమానాల్నిండా మన పిల్లలు చదువులకని దిగుతున్న రోజులవి. అద్దె కోసం కాదు, కింద ఒక తలుపు తెరుచుకుని మూసుకునే చప్పుడు కోసం బేస్‌మెంట్ ఇస్తానని చెప్పాను. జగిత్యాల నుంచి ఈ అమ్మాయి వచ్చింది. తీరా చూస్తే నాకన్నా నిశ్శబ్దం. కాలేజీకి పోవడం, కాఫీ షాపులో షిఫ్టు చేయడం, వచ్చి పడుకోవడం. నడిచినా చప్పుడు కాని కాళ్లు.

ఒక ఫిబ్రవరి ఆదివారం మధ్యాహ్నం మంచు తుఫానుకి బస్సులు ఆగిపోయాయి. షిఫ్టు కాన్సిలైందట, ఉప్పు అడగడానికి పైకొచ్చింది. నేను చపాతీలు వత్తుతున్నాను. తినివెళ్లమన్నాను. కూర్చుంది కానీ ఫోన్ వదల్లేదు. చూస్తుండగానే కళ్లు నిండాయి.

“సెమిస్టర్ అయినంక ఇండియా పోత ఆంటీ. నాయినకు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు.”

“ఏమైందమ్మా?”

“ఏం కాలే. ఈడ అందరికీ అందరున్నరు. నాకే ఎవ్వరు లేరు.” ఫోన్ నా వైపు తిప్పింది. నయాగరా ముందు గుంపులు, కేకులు, ఒకరి భుజాల మీద ఒకరి చేతులు. “నా దాంట్ల ఏదో తక్కువుంది ఆంటీ. లేకుంటే నాకొక్కదానికే ఇట్లెందుకైతది?”

ఓదార్చడం నాకు చేతకాదు. చేతనయింది ఒక్కటే. పీట మీద పొడిపిండి చల్లి, వేలితో నాలుగు చుక్కలు పెట్టాను. మధ్యలో ఇంకొకటి పెట్టి, దాన్నుంచి నాలుగింటికీ గీతలు లాగాను.

“ఇవి ఐదుగురు అమ్మాయిలు. గీత ఉంటే స్నేహం. మధ్యలో ఉన్నదానికి ఎంతమంది?”

“నలుగురు.”

“మిగతావాళ్లకి?”

“ఒక్కొక్కలే. ఆ నడిమి పిల్లనే.”

“ఇప్పుడు ఈ నలుగురూ ఫోన్ తీస్తే ఎవరు కనబడతారు?”

పిండిలోకే చూస్తోంది.

“నలుగురికీ ఆ సందడి పిల్లే కనబడుతుంది. స్నేహితులు ఎక్కువున్నవాళ్లు అందరి ఫోన్లలోనూ ఉంటారమ్మా. తక్కువున్నవాళ్లు దాదాపు ఎవరి ఫోన్‌లోనూ ఉండరు. అందుకే ప్రపంచమంతా కళకళలాడుతున్నట్టూ, మనమొక్కళ్లమే మిగిలిపోయినట్టూ అనిపిస్తుంది. నీలో తక్కువేం లేదు. నీలాంటివాళ్లు బోలెడుమంది ఉన్నారు. నీకు కనబడటం లేదంతే.”

తలెత్తి అడిగింది: “గిదంత తెలిసినంక గూడ మీరెందుకు ఆంటీ ఒక్కరే ఉంటున్నరు?”

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ విద్యార్థీ నన్నంత సూటిగా అడగలేదు. పొయ్యి వైపు తిరిగాను. పెనం మీది చపాతీ మాడి, వంటింటి నిండా పొగ. స్మోక్ అలారం కూయడం మొదలుపెట్టింది. ఇద్దరం తలుపు తెరిచి తువ్వాళ్లతో విసురుతూ ఆ చలిలో పడీపడీ నవ్వాం. ఆ ఇంట్లో నవ్వు వినబడి ఎంత కాలమైందో, నా గొంతు నాకే కొత్తగా అనిపించింది.

ఆ వారం నుంచి కాలేజీ ఫుడ్‌కోర్టులో ఫోన్ పక్కన పెట్టి, ఒంటరిగా తింటున్నవాళ్లని వెతకడం మొదలుపెట్టిందట. మొదట ఒక పిల్ల దగ్గరికి వెళ్లి నిలబడితే, ఆ పిల్ల ఈమె కుర్చీ అడుగుతోందనుకుని, ఇచ్చేసి లేచిపోయిందట. ఆ సంగతి చెప్పి తానే నవ్వింది. తర్వాత ఒక మలయాళీ అమ్మాయి దొరికింది, ఆమె వల్ల కర్నూలు పిల్ల ఒకతె. ఇండియా మాట మళ్లీ ఎత్తలేదు. శనివారం సాయంత్రాలు హీటర్ గొట్టాల్లోంచి మూడు భాషల అల్లరి పైకి వచ్చేది. పిలిస్తే నేనూ కిందికి దిగేదాన్ని. పిలవని రోజు పెరుగు మిగిలిందన్న వంక పెట్టుకుని దిగేదాన్ని.

చదువయ్యాక ఒక్కొక్కరూ వెళ్లారు. ఉద్యోగం దొరికి ఈ అమ్మాయి అంత దూరం సర్రీకి పోయింది. మొదట్లో వారం వారం ఫోన్ చేసేది. తర్వాత పండగలకి. తర్వాత అదీ తగ్గింది. నాకేం కోపం లేదు, అక్కడ దానికి మనుషులు దొరికారని అర్థం. ఆ బేస్‌మెంట్ మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకంటే చెప్పలేను.

వయసు పైబడేకొద్దీ ఏళ్లు ఇట్టే గడిచిపోతున్నట్టు అనిపించడానికీ ఒక లెక్క ఉంది. పదేళ్ల పిల్లకి ఒక ఏడాదంటే బతుకులో పదో వంతు. నాబోటిదానికి ఆ పదో వంతులో ఆరో వంతు కూడా కాదు. ఏ ఏడాదికా ఏడాది భిన్నం చిన్నదైపోతూనే ఉంటుంది. అయినా ఆ ఒక్క చలికాలం మాత్రం, దేనితో భాగించినా, వచ్చినంత పొడుగ్గానే నాలో మిగిలి ఉంది.