టెలికాస్టర్ మెడలో బస్సు టికెట్

హడావుడిగా రాస్తున్నాను, తప్పులుంటే క్షమించండి.

రేపు చెల్లెలి నిశ్చితార్థంలో వాయిద్దామని వనపర్తి మిత్రుడి టెలికాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ అడిగి తెచ్చుకున్నాను. అది వాడికి ప్రాణం. బస్సు కుదుపులకేమో, గద్వాలలో దిగి మీటితే తీగలు మెడ మీది మెట్లకు తగిలి గరగరమన్నాయి. మగ్గాలు బాగుచేసే మా మామ చేతికిచ్చి, చాయ్ తాగి వచ్చాను.

వచ్చేసరికి గిటార్ మెడ ఒకచోట, మొండెం ఒకచోట! నా గుండె ఆగినంత పనైంది.

"మామా, ఏం చేసినవ్! అది నాది కాదు!"

"గంత పరేషాన్ ఎందుకురా? నాలుగు స్క్రూలు ఇప్పిన, గంతే. మగ్గం లెక్కనే, ఇప్పి బిగించనీకే చేసిండ్రు. దీన్ని చేసినోడు వాయించెటోడు కాదు, నా లెక్క రిపేర్లు చేసెటోడే."

డెబ్బై అయిదేళ్ల కిందట దీన్ని రూపొందించినాయన నిజంగానే రేడియోలు బాగుచేసేవాడని, గిటార్ వాయించడమే రాదని, దీన్ని ఇచ్చేటప్పుడు మిత్రుడు చెప్పాడు. మెడ చెడితే మార్చుకోవచ్చని, జిగురుతో అతికించకుండా స్క్రూలతో బిగించాడట. ఈ సంగతి మామకెవరు చెప్పారు?

మామ నా జేబులోని బస్సు టికెట్ లాగి, మడిచి, మొండెం అంచున మెడ కింద పెట్టి బిగించాడు. తీగలు మెట్లకు కాస్త ఎడమై గరగర పోయింది.

నా భయం పోలేదు. ఎల్లుండి తిరిగి ఇవ్వగానే మిత్రుడు నా ముందే వాయించి చూస్తాడు. పాడై ఉంటే ఏదో ఒక అబద్ధం చెప్పేవాణ్ణి. కానీ ఇది మునుపటికంటే బాగా మోగుతోంది. ఏం చేశావని అడిగితే, మీరైతే ఏం చెప్తారు?